మాట, బాణీ, సందర్భం: తెలుగు పాట కట్టే పద్ధతులు

పాట కట్టడంలో మూడు పనులున్నాయి. మొదటిది బీజం దొరకడం. అది ఒక మాట కావచ్చు, నాలుగు స్వరాల గుంపు కావచ్చు, ఒక దరువు కావచ్చు, కథలో ఒక సందర్భం కావచ్చు. రెండోది ఆ బీజాన్ని పల్లవిగా నిలబెట్టి చరణాల దాకా పెంచడం. మూడోది, పుట్టుకొచ్చినవాటిలో పనికిరానివి తీసేయడం. సంగీతకారుల కథల్లో మొదటి పనికే ఎక్కువ చోటు దక్కుతుంది. ఎక్కువ కాలాన్ని తీసుకునేవి మాత్రం మిగిలిన రెండు పనులే.

తెలుగు పాటకు సుమారు ఆరువందల ఏళ్ల ఆధారాలున్నాయి. అన్నమాచార్యుల రాగిరేకులు, క్షేత్రయ్య పదాలు, త్యాగరాజు శిష్యులు రాసిపెట్టిన ప్రతులు, జానపద గేయ సేకరణలు, సినిమా రచయితలు, సంగీత దర్శకులు చెప్పిన అనుభవాలు వాటిలో ముఖ్యమైనవి. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే, బీజం ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని పాటగా మలిచేవి రెండే అని తేలుతుంది. ఒకటి, కర్త ముందుగా ఒప్పుకున్న కట్టుబాటు. రెండోది, పదేపదే చేసే ఎంపిక.

మాతువు, ధాతువు

భారతీయ సంగీతశాస్త్రం పాటలోని మాటల భాగాన్ని మాతువు అనీ, స్వరాల భాగాన్ని ధాతువు అనీ వేరు చేసింది. రెండింటినీ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వాగ్గేయకారులను వారి శక్తిని బట్టి తరగతులుగా విభజించాడు. ఇతరులు కట్టిన ధాతువుకు మాటలు కూర్చేవాడిని కుట్టికారుడు అన్నాడు. అంటే, బాణీకి మాటలు రాసే పని సినిమాతో పుట్టింది కాదు. ఏడువందల ఏళ్ల కిందటే దానికొక పేరు, ఒక స్థానం ఉన్నాయి.

ఈ విభజన ఆధారంగా తెలుగు పాటలో మూడు వ్యవస్థలు కనిపిస్తాయి. వాగ్గేయకార సంప్రదాయంలో మాట, బాణీ ఒకే మనిషివి. జానపదంలో కర్త పేరు చాలాసార్లు తెలియదు, పాట నోటి నుంచి నోటికి మారుతూ పెరుగుతుంది. సినిమాలో దర్శకుడు, సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయకులు, వాద్యకారులు పనిని పంచుకుంటారు. బీజం ఎవరి దగ్గర మొదలవుతుంది, ఎవరి దగ్గర పెరుగుతుంది అన్నది ఈ మూడింటిలో మూడు రకాలు.

బీజం దొరికే చోట్లు

నియమం పెట్టుకుని రోజూ కూర్చోవడం అన్నిటికన్నా పాత పద్ధతి. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) రోజుకొక సంకీర్తనకు తక్కువ కాకుండా చెప్పేవారని మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతుంది. 1424 నుంచి 1503 దాకా ఆయన సంకీర్తనలు చెప్పారని రాగిరేకుల మీద ఉంది. ఆ 79 ఏళ్లకు రోజుకొకటి చొప్పున లెక్కిస్తే దాదాపు 28,800 అవుతాయి. సంప్రదాయం చెప్పే 32,000 సంఖ్య దీనికి అంత దూరంలో లేదు. ఒకే దైవం మీద అన్ని పాటలు రావడానికి ఆవేశం ఒక్కటే చాలదు. ఆధ్యాత్మికం, శృంగారం అని రెండు విభాగాలు పెట్టుకోవడం, తిరుమలలో ఏడాది పొడుగునా జరిగే సేవలు, ఉత్సవాలు, జాజర, లాలి, సువ్వి, ఏల వంటి జనం పాటల వరుసలు ఆయనకు ఎప్పటికప్పుడు కొత్త వస్తువును అందించాయి.

రెండోది చోటు. త్యాగరాజు (1767–1847) ఎక్కువ కాలం తిరువయ్యారు దాటలేదు. దాటినప్పుడు మాత్రం వెళ్లిన క్షేత్రం కృతుల వరుసగా మారింది. కోవూరు, తిరువొత్తియూరు, శ్రీరంగం, లాల్గుడి పంచరత్నాలు అలా వచ్చినవే. ముత్తుస్వామి దీక్షితులు క్షేత్రకృతులు, నవగ్రహ కృతులు, నవావరణ కృతులు కట్టారు. వరుసగా కట్టాలని ముందే అనుకుంటే తర్వాతి పాట దేనిమీద అన్న ప్రశ్న రాదు. అప్పుడు శ్రమంతా రాగం, పోకడ, పదాల మీదికి మళ్లుతుంది.

మూడోది పాత్ర. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది నాయిక, వినేది సఖి లేదా నాయకుడైన మువ్వగోపాలుడు. ఎదురుచూసే విరహోత్కంఠిత, మరో చోట రాత్రి గడిపి వచ్చిన ప్రియుణ్ని నిలదీసే ఖండిత, పోట్లాడి పంపేశాక చింతించే కలహాంతరిత వంటి అష్టవిధ నాయికల విభజన ఆయనకు సందర్భాల పట్టికగా పనిచేసింది. ఎవరు, ఎవరితో, ఏ క్షణంలో మాట్లాడుతున్నారో తేలితే మొదటి మాట దానంతట అదే దిక్కు చూసుకుంటుంది. సినిమా దర్శకుడు గీత రచయితకు చెప్పే సిట్యుయేషన్ ఇదే పని చేస్తుంది. భద్రాచల రామదాసుకు సందర్భం బతుకులోనే ఎదురైంది. గుడి కట్టించినందుకు గోల్కొండ చెరసాలలో పడ్డ మనిషి దేవుణ్ని లెక్కలు అడిగే స్వరం ఆయన కీర్తనలను వేరుగా నిలబెట్టింది.

నాలుగోది అప్పటికే ఉన్న బాణీ. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ బ్యాండు వాయించే పాశ్చాత్య బాణీలు విని దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. శంకరాభరణ స్వరాల్లో నడిచే, నొట్టుస్వరాలు అనే ఆ రచనల్లో బ్రిటిష్ రాజగీతం బాణీ కూడా ఒకటి. మరీ దగ్గరి ఉదాహరణ భీమ్లానాయక్ (2022). నల్లమల ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతుతో, వరుసతో ఆ సినిమా టైటిల్ పాట మొదలవుతుంది.

ఐదోది రాగం. త్యాగరాజు ఖరహరప్రియ వంటి మేళరాగాలను కృతులతో ప్రాచుర్యంలోకి తెచ్చారు, అరుదైన రాగాలెన్నిటికో మొదటి కృతులు ఇచ్చారు. అక్కడ ప్రశ్న ఏం చెప్పాలన్నది మాత్రమే కాదు, ఈ స్వరాల నడక ఎటు తీసుకుపోతుందన్నది కూడా. ఆరోది దరువు. జానపదంలో, నృత్యగీతాల్లో చాలాసార్లు అదే మొదటిది.

శ్రమలో పుట్టే పాట

నాట్లు వేసేటప్పుడు, వడ్లు దంచేటప్పుడు, ఏతం తొక్కేటప్పుడు పాడే పాటల్లో తాళం పనిలోనే ఉంటుంది. రోకలి పడే వేళకు ఊనిక పడాలి, మొక్క గుచ్చి చెయ్యి లేచే వేళకు ఊపిరి అందాలి. పాట కట్టే మనిషికి గతిని వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ గతిలో ఒదిగే మాటలు దొరికితే చాలు.

జానపద గేయానికి వంత మరో ముఖ్యమైన పనిముట్టు. బతుకమ్మ ఆటలో ఒకరు పాదం ఎత్తుకుంటే మిగిలినవాళ్లు దాన్ని అందుకుని తిరిగి పాడతారు. పాదం చివర ఉయ్యాలో, చందమామ, గౌరమ్మ వంటి మాట ప్రతిసారీ వస్తుంది. చప్పట్లు తాళాన్ని నిలబెడతాయి. వంత పాడేవారు అందుకున్న ఆ కొద్ది సమయంలో ముందు పాడే మనిషి తర్వాతి పాదాన్ని మనసులో అమర్చుకుంటుంది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కల ఉండే వంతలు చేసేదీ చాలావరకు ఇదే. అప్పటికప్పుడు కట్టగలగడం వెనక గాయకుల ప్రతిభతోపాటు ఈ ఏర్పాటు కూడా ఉంది. నోటికి వచ్చిన విశేషణాలు, పేర్ల జాబితాలు, సంఖ్యల వరుసలు, ప్రశ్న జవాబుల అల్లిక ఆ నిమిషానికి అందుబాటులో ఉండే సరుకు.

ఉద్యమ గీతాలు ఈ వ్యవస్థను తెలిసే వాడుకున్నాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జనం కళారూపాలను రాజకీయ ప్రచారానికి మలిచారు. తర్వాత ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు, తెలంగాణలో గద్దర్ అదే దారిలో నడిచారు. ఊరికి ముందే తెలిసిన వరుసలో కొత్త మాటలు పెడితే బాణీ నేర్పాల్సిన పని ఉండదు. మొదటిసారి విన్నవాళ్లు రెండోసారికే గొంతు కలుపుతారు. ఇక్కడ బాణీ కొత్తగా ఉండటం గుణం కాదు, తెలిసినదై ఉండటమే గుణం.

పల్లవి నుంచి చరణం దాకా

బీజాన్ని పెంచడానికి తెలుగు పాట స్థిరపరచుకున్న చట్రం పల్లవి, అనుపల్లవి, చరణం. పల్లవి విషయాన్ని నిలబెడుతుంది. అనుపల్లవి సాధారణంగా పై స్థాయికి వెళ్లి అదే విషయానికి కారణమో, విశేషణమో చేరుస్తుంది. చరణం వివరిస్తుంది. ప్రతి భాగం తర్వాత పాట పల్లవికి తిరిగి వస్తుంది. కాబట్టి పల్లవి మీద రెండు షరతులు పడతాయి. మొదటిసారి వినగానే అర్థం కావాలి. ప్రతి చరణం తర్వాత మళ్లీ విన్నప్పుడు ఇంకొంచెం అర్థం అదనంగా తోచాలి. చరణాల చివరి మాట పల్లవి మొదటి మాటకు వాక్యంగా అతకాలన్నది మూడో షరతు. రచయితలు పల్లవి దగ్గరే ఎక్కువ కాలం ఆగడానికి కారణం ఇదే.

స్వరం వైపు నుంచి పెంచే పద్ధతుల్లో సంగతి ప్రధానమైనది. ఒకే పాదాన్ని మళ్లీ పాడుతూ, ప్రతిసారీ ఒక మలుపో, గమకమో, పై స్థాయి అందుకోవడమో చేర్చుతూ పోవడం సంగతి. దాన్ని కృతి నిర్మాణంలో ప్రధానాంశం చేసినవాడు త్యాగరాజు. మొదటి సంగతి పాదపు అస్థిపంజరాన్ని చూపిస్తుంది, చివరి సంగతి వచ్చేసరికి రాగం పూర్తి రూపం కనిపిస్తుంది. నేడు పాడే సంగతులన్నీ త్యాగరాజువే కావు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల్లో ఒకే కృతికి పాఠాంతరాలున్నాయి. కొన్ని సంగతులు తర్వాతివారు చేర్చినవి. కర్త పోయాక కూడా పాట పెరుగుతూ ఉంటుందనడానికి ఇది మంచి సాక్ష్యం.

స్వరసాహిత్యం మరో పద్ధతి. త్యాగరాజు ఘనరాగ పంచరత్నాల్లో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల చరణాలు స్వరమాలికలుగా నడుస్తాయి. గాయకులు ముందు స్వరం పాడి, అదే నడకలో సాహిత్యం పాడతారు. శ్యామశాస్త్రి స్వరజతుల్లోనూ ఇదే పొందిక. ఒక్కో స్వరానికి ఒక్కో అక్షరం దగ్గరగా సరిపోయే ఈ నిర్మాణంలో మాట, బాణీ పక్కపక్కన పెరుగుతాయి.

చరణాలన్నీ ఒకే వరుసలో నడపకుండా మార్చడం ఇంకో దారి. సువర్ణసుందరి (1957) సినిమాలో పి. ఆదినారాయణరావు కట్టిన రాగమాలిక సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల మీదుగా సాగుతుంది. పాటలో కథ పెద్దగా కదలకపోయినా రాగం మారడమే ముందడుగుగా వినిపిస్తుంది.

సినిమా పాట: ముందు మాటా, ముందు బాణీయా

భక్త ప్రహ్లాద (1932) కాలంలో తెరమీది పాటలకు ఆధారం రంగస్థలం. పద్యాలు, నాటకపు వరుసలు నేరుగా తెరమీదికి వచ్చాయి. గాయకుడి గొంతును విడిగా రికార్డు చేసే పద్ధతి స్థిరపడ్డాక పాట కట్టడం ఒక ప్రత్యేక వృత్తిగా మారింది. మద్రాసులో మ్యూజిక్ సిట్టింగ్స్ అనే ఆనవాయితీ వచ్చింది. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని వరుసలు వినిపిస్తాడు, రచయిత అక్కడే ఉండి మాటలు అందిస్తాడు, లేదా ఒప్పుకున్న వరుసను ఇంటికి తీసుకెళ్తాడు.

ముందు మాట రాయించుకుని బాణీ కట్టడంలో కె.వి. మహదేవన్ పేరు మొదట చెప్పాలి. తమిళనాడు నుంచి వచ్చిన ఆయన, సహాయకుడు పుహళేంది తోడుగా, తెలుగు సాహిత్యం చేతిలో ఉంటే దాని నడకలోంచే వరుస తీసేవారు. వేటూరి సుందరరామమూర్తి పాటలు రాసిన శంకరాభరణం (1980), సీతారామశాస్త్రికి ఇంటిపేరుగా నిలిచిన సిరివెన్నెల (1986) ఆయన సంగీతంలో వచ్చాయి. మాట ముందు ఉన్నప్పుడు పాదాల పొడవు సమానంగా ఉండాల్సిన పని లేదు. వాక్యం ఎక్కడ ఆగితే స్వరం అక్కడ ఆగుతుంది. భావగీతంలా చదువుకోగల పాటలు ఈ పద్ధతిలో ఎక్కువ రావడానికి అది కారణం. బాణీలన్నీ ఒకే ఛందస్సు పోకడలో పడిపోయే ప్రమాదం దీనికి ఉంది. సంగీత దర్శకుడు పాదాన్ని విరిచి, ఒక మాటను రెండుసార్లు పలికించి, హమ్మింగ్ చేర్చి దాన్ని తప్పించుకుంటాడు.

ముందు బాణీ కట్టడం 1970ల తర్వాత ప్రధాన పద్ధతి అయింది. ఇళయరాజా వాద్యబృందానికి కావలసిన భాగాలన్నీ పాశ్చాత్య స్వరలిపిలో తానే రాసి ఇస్తారు. అలాంటి కూర్పులో గాత్రపు వరుస ఒక పొర మాత్రమే. దాని కింద బాస్, పైన తీగవాద్యాలు ముందే నిర్ణయమై ఉంటాయి. సాగరసంగమం (1983)లో వేటూరి, రుద్రవీణ (1988)లో సిరివెన్నెల ఆయన సంగీతానికి పాటలు రాశారు. బాణీకి రాసిన మాట బలహీనమవుతుందన్న వాదానికి ఆ సినిమాల పాటలు చాలినంత జవాబు.

రెండు పద్ధతులూ కలిసిపోయే సందర్భాలే నిజానికి ఎక్కువ. పల్లవికి రచయిత ఒక మాట ఇస్తాడు, దాన్నుంచి సంగీత దర్శకుడు వరుస కడతాడు, ఆ వరుసను చరణాలకు పొడిగించాక రచయిత మళ్లీ దానికి రాస్తాడు. చేతులు మారడం కూడా ఉంది. మాయాబజార్ (1957)లో కొన్ని పాటలకు సాలూరి రాజేశ్వరరావు వరుసలు కట్టి తప్పుకున్నాక ఘంటసాల మిగిలిన పని పూర్తి చేశారు. వినేవారికి ఆ అతుకు కనిపించదు.

ట్యూన్‌కు రాసే పనిలోని మెలకువలు

సంగీత దర్శకుడు ఇచ్చే వరుసలో మాటలుండవు. తననాలో, అర్థం లేని డమ్మీ మాటలో ఉంటాయి. రచయిత మొదట చేసేది మాత్రలు పట్టుకోవడం. తానన అని వినిపిస్తే గురువు, లఘువు, లఘువు, మొత్తం నాలుగు మాత్రలు. అక్కడ వెన్నెల, కోయిల, మాపటి వంటి మాటలు ఒదుగుతాయి. తననా అని వస్తే అవీ నాలుగు మాత్రలే, కానీ ఊనిక చివర పడుతుంది. అక్కడ మనసా, సగమై వంటివి కావాలి. లెక్క సరిపోయినా ఊనిక తప్పితే మాట వికారంగా పలుకుతుంది.

మూడు మాత్రల తిశ్రం, నాలుగు మాత్రల చతురస్రం, ఐదు మాత్రల ఖండం, ఏడు మాత్రల మిశ్రం అనే గతులు తెలుగు రచయితకు కొత్తవి కావు. రగడల్లో, జానపద గేయాల్లో ఇవే ఉన్నాయి. గురజాడ అప్పారావు 1910లో ముత్యాల సరాలకు వాడింది మూడు, నాలుగు మాత్రల కలయికే. మాత్రాఛందస్సు చెవిలో ఉన్న రచయితకు బాణీ అచ్చంగా ఒక కొత్త ఛందస్సులా తోస్తుంది.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరాన్ని కావలసినంత సాగదీయవచ్చు. ఈ సౌలభ్యానికి ఒక హద్దుంది. హ్రస్వాన్ని మరీ సాగదీస్తే అర్థం మారే మాటలున్నాయి. తారస్థాయిలో ఆ, ఓ వంటి తెరిచిన అచ్చులు గాయకుడికి హాయిగా పలుకుతాయి, ఇ, ఉ ఇబ్బంది పెడతాయి. వేగంగా పోయే స్వరాల మీద సంయుక్తాక్షరాలు గొంతుకు అడ్డుపడతాయి. బాణీలో విరామం మాట మధ్యలో పడితే పదం రెండు ముక్కలై వేరే అర్థం వినిపిస్తుంది. మంచి రచయిత ఇవన్నీ రాసేటప్పుడే వింటాడు.

డబ్బింగ్ పాటలో వీటికి మరో నిబంధన తోడవుతుంది. హిందీ చిత్రం నీరా ఔర్ నందాకు అనువాదంగా వచ్చిన ఆహుతి (1950)కి శ్రీశ్రీ మాటలు, పాటలు రాశారు. తెరమీద పెదవులు కలిసే చోట ప, బ, మ వంటి అక్షరం పడాలి, నోరు తెరుచుకున్న చోట దీర్ఘం ఉండాలి. అర్థం, మాత్ర, ఊనిక, పెదవి కదలిక నాలుగూ కలవాలి.

కట్టుబాటు చేసే మేలు

పాట చరిత్రలో చాలా రూపాలు ఏదో ఒక పరిమితి నుంచి వచ్చాయి. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. ఒక పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో కాస్త వాద్యసంగీతం అన్న కొలత ఆ పరిమితిలో స్థిరపడి, అది తొలగాక కూడా మిగిలింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం లలిత సంగీతానికి నిర్ణీత సమయాన్ని, చిన్న వాద్యబృందాన్ని ఇచ్చింది. స్వయంగా రాసి, వరుస కట్టి, పాడగలిగిన బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు ఆ కొలతలో వాగ్గేయకార సంప్రదాయాన్ని కొనసాగించారు.

కట్టుబాటును కర్త కోరి తెచ్చుకోవడం కూడా ఉంది. చిన్న వయసులోనే 72 మేళకర్తల్లో కృతులు కట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ, తర్వాత లవంగి, మహతి వంటి నాలుగు స్వరాల రాగాలు కల్పించి వాటిలో కృతులు రచించారు. స్వరాలు తగ్గినకొద్దీ ఎంచుకునే దారులు తగ్గుతాయి. అలవాటు పడిన పోకడలు అందుబాటులో ఉండవు కాబట్టి లయ, వ్యవధి, గమకం మీద కొత్త ఆలోచన తప్పనిసరి అవుతుంది.

ఎంపిక, సవరణ, నిరీక్షణ

ఒక సందర్భానికి సంగీత దర్శకుడు ఒకటి కన్నా ఎక్కువ వరుసలు వినిపించడం, రచయిత ఒక పల్లవికి ప్రత్యామ్నాయాలు తీసుకురావడం సినిమా రంగంలో మామూలే. వద్దన్న వరుస వృథా పోదు. అది మరో సినిమాలో, మరో వేగంలో తిరిగి వస్తుంది. పాడేవారు కూడా ఎంపికలో భాగస్వాములే. ట్రాక్ పాడే గాయకుడు వేసిన చిన్న విరుపు అసలు పాటలో నిలిచిపోవచ్చు. ఏ.ఆర్. రెహమాన్ గాయకులతో, వాద్యకారులతో విడివిడిగా ఎంతో రికార్డు చేయించి, అందులోంచి ఏరుకుని పాటను పేర్చే పద్ధతికి పేరుపొందారు. అక్కడ రచన, రికార్డింగు ఒకదాని తర్వాత ఒకటి జరగవు, కలిసే నడుస్తాయి.

పుట్టడానికీ పూర్తవడానికీ మధ్య దూరం ఎంతుంటుందో చెప్పడానికి ఆర్‌ఆర్‌ఆర్ (2022) నృత్యగీతం మంచి ఉదాహరణ. ఎం.ఎం. కీరవాణి సంగీతంలో 2023లో ఆస్కార్ అందుకున్న ఆ పాటలో చాలా భాగాన్ని ఒక్క పూటలో రాశాననీ, మిగిలిన కొద్ది భాగానికి ఏడాదిన్నరకు పైగా పట్టిందనీ రచయిత చంద్రబోస్ చెప్పారు. పాట ఊపు, వస్తువు త్వరగా దొరికాయి. ఒక్కో మాటా పల్లెటూరి అనుభవంలోంచి వచ్చిందా, అడుగు పడే చోట పడుతోందా అని సరిచూసుకోవడానికే కాలం పట్టింది.

సవరణ తరాల మీదుగా కూడా సాగుతుంది. అన్నమాచార్యుల రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. నేడు వినిపించే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఆ మాతువుకు అయిదు శతాబ్దాల తర్వాత కొత్త ధాతువు దొరికింది. తెలంగాణ ఉద్యమంలో ఏళ్ల తరబడి పాడుకున్న, కవి అందెశ్రీ రాసిన గీతం 2024లో తెలంగాణ రాష్ట్ర గీతం అయినప్పుడు కీరవాణి దానికి కొత్తగా సంగీతం కూర్చారు.

పనిముట్లు మార్చిన తీరు

త్యాగరాజు కృతులు నిలిచింది మొదట శిష్యుల గొంతుల్లో, తర్వాత వాళ్ల రాతప్రతుల్లో. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని గమకాలను కూడా గుర్తులతో చూపింది. స్వరలిపి వల్ల కర్త తన పాటను బయటినుంచి చూడగలిగాడు, పొడవైన నిర్మాణాలను సరిదిద్దగలిగాడు. టేప్‌రికార్డర్ రాకతో లిపి రానివారికీ ఆ వెసులుబాటు దక్కింది. దారిలో తట్టిన హమ్మింగ్‌ను ఫోనులో దాచుకోవడం దాని కొనసాగింపే.

ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే, 1983లో వచ్చిన మిడి ప్రమాణం, ఆ తర్వాత కంప్యూటర్ రికార్డింగ్ బీజం స్వభావాన్నే మార్చాయి. ఇప్పుడు పాట ఒక లూప్‌తోనో, ఒక శబ్దం రంగుతోనో మొదలవుతుంది. కొద్ది సెకన్ల దరువును తిప్పుతూ దానిమీద వరుస వెతకడం సాధారణమైంది. దీనివల్ల స్వరాల నడక కన్నా హుక్ లైన్‌కు, ధ్వనికి ప్రాధాన్యం పెరిగింది. ఇటీవలి కృత్రిమ మేధ పరికరాలు నాలుగు మాటలు ఇస్తే పాట మొత్తం వినిపిస్తాయి. అవి బీజాల కొరతను తీరుస్తాయి. ఏది ఉంచాలి, ఎందుకు ఉంచాలి అన్న పనిని మాత్రం వాడేవారికే వదిలేస్తాయి.

ఊహ తట్టడం గురించి పరిశోధనలు

స్వరార్ణవం అనే గ్రంథాన్ని త్యాగరాజుకు నారదుడు ప్రసాదించాడని సంప్రదాయం. కర్తకు తెలియని చోటు నుంచి పాట వస్తుందన్న అనుభవం ఇతర సంస్కృతుల్లోనూ ఉంది. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీకి 1965లో విడుదలైన యెస్టర్‌డే వరుస నిద్రలో తట్టింది. అది ఎవరిదో పాత పాటేమోనని కొంతకాలం తెలిసినవాళ్లందరినీ అడిగాడు. అసలు మాటలు దొరికేదాకా కోడిగుడ్ల వంటకం మీద డమ్మీ మాటలతో పాడుకున్నాడు.

గ్రాహం వాలస్ 1926లో సృజనను నాలుగు దశలుగా వివరించాడు. సన్నాహం, లోపల నానడం, తళుక్కున తట్టడం, సరిచూసుకోవడం. మూడో దశ కనిపించాలంటే మొదటిది గట్టిగా జరిగి ఉండాలి. వేల వరుసలు విన్న చెవికే నిద్రలో వరుస తడుతుంది. అదే కారణంగా తెలియకుండా అనుకరించే ప్రమాదమూ ఉంది. బీటిల్స్‌కే చెందిన జార్జ్ హారిసన్ మై స్వీట్ లార్డ్ పాటలో పాత బాణీని తెలియకుండానే వాడుకున్నాడని 1976లో అమెరికా న్యాయస్థానం తేల్చింది.

పరిశోధకులు చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ 2008లో ఆరుగురు జాజ్ పియానో కళాకారులు మనోధర్మంతో వాయిస్తుండగా మెదడు చిత్రాలు తీశారు. తనను తాను కనిపెట్టుకుని సరిదిద్దుకునే పనితో ముడిపడిన ముందుభాగపు పక్క ప్రాంతాల్లో చురుకుదనం తగ్గింది, స్వీయ వ్యక్తీకరణతో ముడిపెట్టే మధ్య ప్రాంతంలో పెరిగింది. కల్పనాస్వరాలు పాడే కర్ణాటక విద్వాంసుల అనుభవానికి ఇది దగ్గరగా ఉంది. అయితే ఇది అప్పటికప్పుడు కల్పించడాన్ని వివరిస్తుందే గానీ, నెలల తరబడి ఒక చరణాన్ని దిద్దే పనిని వివరించదు. ఆ పనికి కావలసింది తగ్గిన విమర్శ కాదు, పదునెక్కిన విమర్శ.

పాట ఎవరిది

మాతువు, ధాతువుల విభజన చట్టంలోనూ ఉంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం పాటలోని మాటలను సాహిత్య కృతిగా, బాణీని సంగీత కృతిగా వేర్వేరుగా చూస్తుంది. సినిమా కోసం రాసిన, కట్టిన కృతులకు ఇతర మాధ్యమాల్లో వచ్చే రాయల్టీలో కర్తలకు సమాన వాటా హక్కును 2012 సవరణ ఇచ్చింది. ట్రాక్ గాయకుడి విరుపుకు, వాద్యకారుడు వేసిన బిట్‌కు, జానపదం నుంచి తెచ్చుకున్న వరుసకు ఈ లెక్కలో సరైన చోటు దొరకదు. పాట నిజంగా పుట్టే తీరు ఇద్దరు కర్తల లెక్కలో ఇమడదు.

ముందు మాటా, ముందు బాణీయా అన్న వాదానికి చరిత్ర ఒకే జవాబు ఇవ్వదు. రెండు దారుల్లోనూ గొప్ప పాటలు వచ్చాయి, పేలవమైనవీ వచ్చాయి. తేడా పడింది మరో మూడు చోట్ల. పాట ఎవరు ఎవరితో అంటున్నదో తేలిందా, పల్లవి తిరిగి తిరిగి వచ్చే బరువును మోయగలదా, కుదరని మాటను, కుదరని వరుసను వదిలేసే ఓపిక కర్తకు ఉందా. అన్నమయ్య రోజువారీ నియమం, బతుకమ్మ వంత, త్యాగరాజు సంగతి, మద్రాసు సిట్టింగ్స్ ఈ మూడింటినీ సాధించడానికి ఆయా కాలాలు ఏర్పరచుకున్న పద్ధతులు.